మ్యాటీ గుడ్డ, మూరెడు దారం: క్రాస్ స్టిచ్ కొత్తగా పట్టినవారి ప్రశ్నలు

క్రాస్ స్టిచ్ గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్తగా సూది పట్టినవారివే. "నాకు చెయ్యి తిరుగుతుందో లేదో" అన్న బెంగ చాలామందిలో ఉంది. ఈ కుట్టుకి చెయ్యి తిరగడం కంటే లెక్క తప్పకపోవడం ముఖ్యం. చార్టు, అంటే డిజైన్ గీసిన కాగితం మీద గళ్లుంటాయి, గుడ్డ మీదా గళ్లుంటాయి. కాగితం మీద ఏ గడిలో గుర్తుంటే గుడ్డ మీద ఆ గడిలో ఒక ఇంటూ గుర్తు కుట్టాలి, అంతే. అందుకే ఈసారి జవాబుల్లో కొలతలూ అంకెలూ కాస్త ఎక్కువే ఉంటాయి.

ప్రశ్న: నాకు బొత్తాం కుట్టుకోవడం తప్ప ఏ కుట్టూ రాదండీ. క్రాస్ స్టిచ్ మొదలుపెట్టాలంటే ఏమేం కొనుక్కోవాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బొత్తాం కుట్టడం వచ్చిందంటే సరిపోతుంది. ఐడా అంటే ఈ కుట్టు కోసం గళ్లుగా నేసిన గుడ్డ, కౌంట్ అంటే అంగుళానికి ఎన్ని గళ్లో ఆ లెక్క. 14 కౌంట్ ఐడా గుడ్డ, తెల్లదో గంధం రంగుదో, పావు మీటరు తీసుకోండి. సూది 24వ నంబరు ట్యాపెస్ట్రీ సూది. దీని మొన మొద్దుగా, బెజ్జం పొడుగ్గా ఉంటుంది. సూది గుడ్డని పొడవకూడదు, అప్పటికే ఉన్న చిల్లిలోంచి జారిపోవాలి, అందుకే మొద్దు మొన. సూది నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 16, 18 కౌంట్ గుడ్డలకి 26వ నంబరు, 11 కౌంట్‌కి 22వ నంబరు. దారం, ఆరు పోగుల ఎంబ్రాయిడరీ నూలు దారం, నాలుగైదు రంగుల్లో ఒక్కో లచ్చి. ఇవికాక గుడ్డ బిగించి పట్టుకోవడానికి 6 అంగుళాల గుండ్రటి ఫ్రేమ్, మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర.

మొదటి డిజైన్ 40 గళ్ల వెడల్పు, 40 గళ్ల ఎత్తుకి మించకూడదు. రంగులు ఐదుకి మించకూడదు. పెద్ద ప్రకృతి దృశ్యాల కిట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటితో మొదలుపెట్టకండి. 200 గళ్ల వెడల్పు, 300 గళ్ల ఎత్తు ఉన్న బొమ్మ మొత్తం నింపాలంటే 60,000 కుట్లు. గంటకు 100 కుట్లు పడ్డా 600 గంటల పని. చిన్నది ఒకటి పూర్తిచేసి ఎదురుగా పెట్టుకుంటే వచ్చే ధైర్యం, పెద్దది సగంలో వదిలేసి బీరువాలో దాచుకుంటే రాదు. ఇంకో మాట, చార్టులో పావు కుట్లు, ముప్పావు కుట్లు ఉన్నాయేమో చూసుకోండి. ఐడా మీద అవి వేయాలంటే గడి మధ్యలో పొడవాలి. మొదట్లో ఆ తలనొప్పి వద్దు.

ప్రశ్న: మా ఊరి మ్యాచింగ్ సెంటర్లో ఐడా అని అడిగితే "అదే అమ్మా" అని మ్యాటీ గుడ్డ ఇచ్చారు. దాని మీద గుండ్రటి పూలదండ కుడితే కోడిగుడ్డులా సాగింది. చార్టు తప్పా, నేను తప్పా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండూ కాదు, గుడ్డ తప్పు. మ్యాటీ, ఐడా ఒకే జాతి గుడ్డలు. నాలుగైదు పోగులు కలిపి గళ్లుగా నేస్తారు, మూలల్లో చిల్లి కనిపిస్తుంది. తేడా అల్లా నేతలో. కౌంట్ రాసి అమ్మే ఐడాలో అడ్డానికీ నిలువుకీ అంగుళానికి అన్నే గళ్లుంటాయి. మీటర్ల లెక్కన కోసిచ్చే మ్యాటీలో కొన్నిసార్లు పడుగు వైపు ఒక లెక్క, పేక వైపు ఇంకో లెక్క ఉంటుంది. అడ్డంగా అంగుళానికి 14, నిలువుగా 13 ఉందనుకోండి. 70 గళ్ల వలయం అడ్డంగా 5 అంగుళాలు వస్తుంది, నిలువుగా దాదాపు 5.4 అంగుళాలు వస్తుంది. అదే మీ కోడిగుడ్డు. ఇస్త్రీ చేసినా, సాగదీసి ఫ్రేము కట్టించినా అది సర్దుకోదు.

కొనేటప్పుడే కొలవండి. గుడ్డని బల్ల మీద లాగకుండా పరిచి, ఒక చిల్లిలో గుండుసూది గుచ్చండి. స్కేలు సున్నా దగ్గర ఆ సూది ఉండేలా పెట్టి, సరిగ్గా 4 అంగుళాల దగ్గర రెండో సూది గుచ్చండి. మధ్య గళ్లు లెక్కపెట్టి నాలుగుతో భాగించండి. 56 వస్తే 14 కౌంట్, 44 వస్తే 11 కౌంట్. ఒక్క అంగుళమే కొలిస్తే అర గడి తేడా కంటికి ఆనదు, నాలుగు కొలిస్తే దొరికిపోతుంది. తర్వాత గుడ్డని తిప్పి రెండో వైపు కూడా అలాగే. రెండు లెక్కల మధ్య ఒక గడి తేడా ఉంటే ఫరవాలేదు. మూడు, నాలుగు గళ్లు తేడా వస్తే ఆ గుడ్డని తీగలు, అంచులు, సంచుల మీది గీతల్లాంటి వాటికి వాడుకోండి. వలయాలకీ ముఖాలకీ అక్షరాలకీ వద్దు.

కౌంట్ తెలిశాక ఎంత గుడ్డ కావాలన్నది చిన్న భాగహారం. డిజైన్ గళ్లని కౌంట్‌తో భాగించి, ప్రతి వైపూ 3 అంగుళాలు కలపండి. 70 గళ్ల వెడల్పు, 98 గళ్ల ఎత్తు బొమ్మ 14 కౌంట్ మీద 5 అంగుళాలు, 7 అంగుళాలు. అంచులతో కలిపి 11, 13 అంగుళాలు. ఆ 3 అంగుళాలు వృథా అనిపిస్తుంది. కానీ ఫ్రేమ్ బిగించడానికీ, చివర్లో అట్టకి మడిచి కట్టడానికీ అంత అంచు ఉండి తీరాలి.

కోసిన అంచు నుంచి పోగులు ఊడిపోతాయి. చీరకి పీకో చేసే టైలరుకిస్తే చుట్టూ జిగ్‌జాగ్ వేసిస్తారు. లేదంటే మామూలు దారంతో మీరే చుట్టుకుట్టు వేసుకోండి. అంచుకి టేపు అంటించే అలవాటు కొందరికి ఉంది. కొన్ని నెలలకి ఆ జిగురు గుడ్డలోకి దిగి పసుపు మరకవుతుంది. నెలల తరబడి సాగే పనికి టేపు వాడకండి.

ప్రశ్న: దారం ఆరు పోగులూ కలిపే కుట్టాలా? విడదీయబోతే చిక్కు పడిపోతోంది. కుడుతుంటే పీచు లేచి గరుకుగా అవుతోంది. ఖరీదైన దారమే కొన్నాను.
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: 14 కౌంట్‌కి రెండు పోగులు, 11 కౌంట్‌కి మూడు, 16కి రెండు, 18కి ఒకటి లేదా రెండు. ఆరూ కలిపి కుడితే చిల్లులు పట్టక గుడ్డ ముడుచుకుపోతుంది.

పీచు లేవడానికి కారణం దారం ఖరీదు కాదు, పొడుగు. పూలమ్మే ఆవిడ కొలిచినట్టు మోచేతి నుంచి వేలికొస దాకా ఒక మూర, అంటే సుమారు 45 సెంటీమీటర్లు, కత్తిరించుకోండి. మూర దారంతో 14 కౌంట్ మీద 40 కుట్ల దాకా వస్తాయి. ఒక్కో కుట్టుకి సూది నాలుగుసార్లు గుడ్డ దాటుతుంది. అంటే బెజ్జం దగ్గరున్న పోగు 160 సార్లు రాపిడి తింటుంది. రెండు మూరలు తీసుకుంటే 300 దాటుతుంది. ఏ దారమైనా అంత తట్టుకోదు. పది కుట్లకోసారి సూదిని దారం మీద కాస్త జరిపితే ఒకే చోట అరగకుండా ఉంటుంది.

విడదీయడానికి, మూర దారం ఒక కొసని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. ఆరు పోగుల్లో ఒకే ఒక్క పోగుని పట్టి నిటారుగా పైకి లాగండి. మిగతా ఐదూ కిందికి కుచ్చులా ముడుచుకుంటాయి, కంగారు పడకండి. ఆ పోగు పూర్తిగా బయటికొచ్చాక ఐదింటినీ వేళ్లతో దువ్వితే మళ్లీ తిన్నగా అవుతాయి. ఇంకో పోగు అలాగే తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి సూదిలోకి ఎక్కించండి. రెండు పోగులూ ఒకేసారి లాగాలని చూస్తే మాత్రం చిక్కు తప్పదు. ఇలా విడదీసి కలిపిన పోగులు పురి లేకుండా పక్కపక్కన పడుకుంటాయి, కుట్టు నిండుగా కనిపిస్తుంది.

కుడుతున్నకొద్దీ దారం మెలి తిరుగుతుంది. పాతిక కుట్లకోసారి గుడ్డని తలకిందులుగా పట్టి సూదిని గాల్లో వదిలేయండి. అదే గిర్రున తిరిగి మెలి విప్పుకుంటుంది.

లచ్చిలు ఎన్ని కొనాలని కూడా చాలామంది అడిగారు. 8 మీటర్ల లచ్చిని రెండేసి పోగులుగా విడదీస్తే 24 మీటర్లు. కొసలు, వృథా పోగా 14 కౌంట్ మీద ఒక లచ్చికి 1,800 కుట్లు అని లెక్కేసుకుంటే మధ్యలో దారం అయిపోదు. ఒకే రంగుతో నేపథ్యమంతా నింపే బొమ్మైతే ఆ రంగు లచ్చిలన్నీ ఒకేసారి కొనండి. అద్దకం మారితే అదే నంబరులోనూ ఛాయ తేడా రావచ్చు. లచ్చి మీదున్న నంబరు కాగితం పారేయకండి.

ప్రశ్న: కుట్లన్నీ చార్టు ప్రకారమే ఉన్నాయి. అయినా దూరం నుంచి చూస్తే మచ్చలు మచ్చలుగా కనిపిస్తోంది. ఒకే ఎరుపు ఒకచోట మెరుస్తోంది, ఒకచోట మందంగా ఉంది.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కుట్ల పైకాళ్లు ఒకే దిక్కున లేవు. ఇంటూ గుర్తులో రెండు గీతలుంటాయి కదా, కిందది ఒకటి, దాని మీదుగా పోయేది ఒకటి. మీద ఉన్న గీత నుంచే వెలుతురు తిరిగొస్తుంది. కొన్ని కుట్లలో అది కుడికి వాలి, కొన్నిట్లో ఎడమకి వాలితే ఒకే దారం రెండు రంగుల్లా కనిపిస్తుంది. పట్టుచీరని ఇటు తిప్పితే ఒక ఛాయ, అటు తిప్పితే ఇంకో ఛాయ కనిపించడం లాంటిదే ఇది.

కింది గీత ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకి, పై గీత కుడి కింది మూల నుంచి ఎడమ పై మూలకి అని ఒక పద్ధతి పెట్టుకుని చివరిదాకా దాన్నే పాటించండి. తిరగేసి పెట్టుకున్నా తప్పు లేదు, మధ్యలో మార్చకూడదు. ఎడమచేతి వాటం ఉన్నవారికీ ఇదే నియమం. వరసగా పది గళ్లుంటే పదికీ కింది గీతలు వేసుకుంటూ పోయి, వెనక్కి వస్తూ పై గీతలు వేసుకోవచ్చు. వెనకవైపు చిన్న చిన్న నిలువు గీతలు వరసగా వస్తే సరిగా కుడుతున్నట్టు. గళ్లు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటే ఏ కుట్టుకాకుట్టు పూర్తిచేసుకోవడం మేలు.

ఈ తప్పు ఎక్కువగా జరిగేది గుడ్డని తిప్పి పట్టుకున్నప్పుడు. మర్నాడు గుడ్డ చేతిలోకి తీసుకుని, అది పావు వంతు తిరిగి ఉందని గమనించకుండా మొదలుపెడతారు. మొదటి రోజే పై అంచున మధ్యలో ఎర్రదారంతో నాలుగు కుట్లు గుర్తుగా వేసుకోండి. అది ఎప్పుడూ పైనే ఉండాలి.

దారం బిగువు సంగతి కూడా. దారం గుడ్డ మీద పడుకోవాలి, గుడ్డని లాగకూడదు. కుట్టు మూలల్లో చిల్లులు పెద్దవై తెల్లగా కనిపిస్తుంటే మీరు బిగిస్తున్నట్టు.

ప్రశ్న: ముడి వేయకూడదంటారు. మరి దారం ఊడిపోదా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఊడదు. ముడి వేస్తే ఫ్రేము కట్టినప్పుడు వెనక బొడిపెలా నిలిచి ముందువైపు ఉబ్బెత్తుగా తెలుస్తుంది. పైగా ఐడా చిల్లి పెద్దది, ఎప్పుడో ఒకప్పుడు ముడి అందులోంచి ముందుకి జారుతుంది.

రెండు పోగులతో కుట్టేటప్పుడు అన్నిటికంటే శుభ్రమైన ఆరంభం ఇది. రెండు మూరల పొడుగున్న ఒకే పోగు తీసుకుని సగానికి మడవండి. రెండు కొసలూ బెజ్జంలోకి ఎక్కించండి, మడత అవతలి వైపు ఉంటుంది. సూదిని గుడ్డ వెనక నుంచి పైకి తీయండి, కానీ మడతని వెనకే వదిలేయండి. మొదటి వాలుగీత వేసి సూది కిందికి దించాక, ఆ మడత ఉచ్చులోంచి సూదిని పోనిచ్చి మెల్లగా లాగండి. ఉచ్చు గుడ్డకి అతుక్కుపోతుంది, కొస అన్నదే ఉండదు. మూడు పోగులకి ఇది కుదరదు. అప్పుడు అంగుళం కొస వెనక వదిలి, మొదటి నాలుగైదు కుట్లు దాని మీదుగా వచ్చేలా వేలితో పట్టుకుని కుట్టండి.

ముగించేటప్పుడు వెనక నాలుగు కుట్ల కిందుగా సూది దూర్చి, దారాన్ని దగ్గరగా కత్తిరించండి. తెల్ల కుట్ల కిందికి నల్లదారం దూర్చకండి, ముందువైపు నీడలా కనిపిస్తుంది. అదే కారణంగా, ముదురు రంగుతో ఖాళీ గుడ్డ వెనక మూడు నాలుగు గళ్లకి మించి దూకకూడదు. కత్తిరించి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

ప్రశ్న: రెండు రోజులు కుట్టాక చూస్తే ఆకు మొత్తం ఒక గడి పక్కకి జరిగింది. విప్పాలా, అలాగే పోనివ్వాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ ఆకుని వేరేదేదైనా తాకాలా? కాడకో పువ్వుకో అతకాల్సి ఉంటే విప్పండి. ఇప్పుడు సర్దుకుపోతే ఆ ఒక్క గడి ముందు ముందు ప్రతి చోటా అడ్డొస్తుంది. ఒంటరి ఆకైతే వదిలేయండి.

విప్పేటప్పుడు దారం ఎక్కించిన సూదినే వెనక్కి నడపకండి, పోగులు చీలుతాయి. సూది తీసేసి, బెజ్జం వైపుతో కుట్టుని ఎత్తి ఒక్కొక్కటే లాగండి. ఎక్కువ కుట్లుంటే ముందువైపు నుంచి పై గీతలు జాగ్రత్తగా కత్తిరించి, ముక్కల్ని పట్టకారుతో ఏరేయండి. విప్పిన దారం మళ్లీ వాడొద్దు.

అసలు రాకుండా ఉండాలంటే మధ్య నుంచి మొదలుపెట్టాలి. గుడ్డని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడిస్తే మడతలు కలిసేది నడిమధ్య. చార్టు అంచుల్లో బాణం గుర్తులుంటాయి, అవి కలిసే గడి చార్టు మధ్య. పది గళ్లకో గీత గుడ్డ మీద కూడా వేసుకుంటే తప్పు పదిలోపే దొరుకుతుంది. గీతకి సన్నటి పాలియెస్టర్ దారంతో పొడుగు కుట్లు మంచివి, తర్వాత లాగేయవచ్చు. నీటితో పోయే నీలం పెన్ను వాడితే ఉతక్కుండా ఇస్త్రీ పెట్టొద్దు, ఆ వేడికి గీత నిలిచిపోతుంది. వేడికి మాయమయ్యే పెన్నులూ దొరుకుతున్నాయి. గడ్డకట్టే చలి తగిలితే వాటి గీతలు మళ్లీ తేలతాయి. చలిదేశాల్లో ఉన్న పిల్లలకి కుట్టి పంపేవారు వాటి జోలికి పోకండి.

కొత్త భాగం మొదలుపెట్టే ముందు, ఆ గడిని ఇప్పటికే కుట్టిన రెండు వేర్వేరు చోట్ల నుంచి లెక్కపెట్టి చూడండి. రెండు లెక్కలూ ఒకే చిల్లి దగ్గరికి తీసుకొస్తే ధైర్యంగా కుట్టండి.

ప్రశ్న: అమెరికాలో కొన్న చార్టులో డీఎంసీ నంబర్లున్నాయి. అమ్మ ఇండియా నుంచి యాంకర్ దారాలు పంపింది. నంబర్లు కలవడం లేదు.
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: రెండు కంపెనీల నంబర్లకీ సంబంధం లేదు. డీఎంసీ నలుపు 310, యాంకర్ నలుపు 403. మార్పిడి పట్టికలు తేలిగ్గా దొరుకుతాయి, కానీ అవి దగ్గరి ఛాయనే చెబుతాయి, అచ్చు అదే ఛాయని కాదు. బొమ్మ మొత్తం ఒకే కంపెనీ దారంతో కుడితే ఇబ్బంది లేదు. ఒకే పువ్వు రేకులో సగం ఇది, సగం అది వాడితే తేడా తెలిసిపోతుంది. ముఖ్యంగా ఛాయలు మెట్లు మెట్లుగా దిగే గులాబీల్లో, పట్టిక చెప్పిన నాలుగు ఛాయల్నీ వేలికి చుట్టుకుని పగటి వెలుగులో ఒకసారి పక్కపక్కన చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మ షష్టిపూర్తికి "అమ్మ" అని తెలుగులో కుట్టి ఫ్రేము కట్టించాలని ఉంది. ఇంగ్లిష్ అక్షరాల చార్టులే దొరుకుతున్నాయి. తెలుగు అక్షరాలు నేను గీస్తే ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో నిటారు గీతలెక్కువ కాబట్టి ఏడు గళ్ల ఎత్తులోనే ఇమిడిపోతాయి. మన అక్షరాలు గుండ్రం, పైన తలకట్టు, కింద ఒత్తు. ఏడు గళ్లలో ఇరికిస్తే ముక్కలవడం ఖాయం. అక్షరం ఒంటికే కనీసం 12 గళ్లివ్వండి. పైన తలకట్టుకి 4, ఒత్తుకి 8, ఒత్తుకీ అక్షరానికీ మధ్య ఖాళీ 1. మొత్తం 25 గళ్లు, 14 కౌంట్ మీద దాదాపు 1.8 అంగుళాల ఎత్తు. గోడకి పెట్టాలంటే దీన్ని రెట్టింపు చేసి, గీత మందం రెండు గళ్లు పెట్టండి.

గుండ్రం ఎలా వస్తుందో ఒకసారి గ్రాఫ్ కాగితం మీద చూడండి. 12 గళ్ల చదరంలో పై వరసలో మధ్య 4 గళ్లు నల్లగా చేయండి. రెండో వరసకి దిగి, వాటికి కుడిపక్కన ఇంకో 2. మూడో వరస నుంచి ఒక గడి కుడికి జరిగి, నిలువుగా 2. మళ్లీ ఒక గడి కుడికి జరిగి, నిలువుగా 4. ఇది గుండ్రంలో కుడి పై భాగం. ఇదే మిగతా మూడు వైపులా తిప్పి గీస్తే 32 గళ్లలో చక్కటి సున్నా వస్తుంది. 4, 2, 2, 4 అన్న ఈ మెట్ల వరసే "అ" వంపుకీ, "మ" బొజ్జకీ ఆధారం. మెట్లు 4, 1, 3 అని గతుకులుగా పడితేనే అక్షరం విరిగినట్టుంటుంది.

పదాన్ని మీకు కావలసిన సైజులో మందపాటి అక్షరాల్లో ప్రింటు తీసుకుని, పైన పలచటి గ్రాఫ్ కాగితం పెట్టి కిటికీ అద్దానికి ఆనించండి. సగానికి పైగా నలుపు పడ్డ గళ్లన్నీ నింపండి. తర్వాత చేత్తో దిద్దాలి, ఎందుకంటే కాగితం మీద సరిపోయినా కుట్టులో పూడిపోయే చోట్లుంటాయి. "ప" పైన తెరుచుకుని ఉండాలి. ఆ ఖాళీ ఒకే గడి ఉంటే అటూ ఇటూ ఉన్న కుట్లు ఉబ్బి దాన్ని మూసేస్తాయి, "ప" కాస్తా "వ" అవుతుంది. రెండు గళ్లు వదలండి. "ధ"కీ "థ"కీ తేడా లోపలి చుక్కే కాబట్టి, చుక్క చుట్టూ కూడా రెండేసి గళ్ల ఖాళీ ఉండాలి. చార్టు పూర్తయ్యాక గోడకి అంటించి ఆరడుగుల దూరం నుంచి, తెలుగు చదవడం వచ్చిన ఇంకొకరి చేత చదివించండి. వాళ్లు తడుముకోకుండా చదివితే కుట్టడం మొదలుపెట్టవచ్చు.

పేరు, తేదీ లాంటి చిన్న అక్షరాలకి క్రాస్ వద్దు. ఒకే పోగుతో బ్యాక్ స్టిచ్, అంటే వెనక్కి వెనక్కి వేస్తూ సాగే గీత కుట్టు, వేయండి, గుండ్రాలు అందులో బాగా తిరుగుతాయి. బ్యాక్ స్టిచ్ ఎప్పుడూ క్రాసులన్నీ అయ్యాకే.

ప్రశ్న: కసూతిలో మెంతి కుట్టు అంటారే, అది క్రాస్ స్టిచ్చేనా?
— ఒక పాఠకురాలు, హిందూపురం

జవాబు: అవును, అదే ఇంటూ కుట్టు. కసూతి అంటే కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతపు చేతి ఎంబ్రాయిడరీ. అందులో గవంతి, ముర్గి, నేయ్గి, మెంతి అని నాలుగు కుట్లు. గవంతి, ముర్గి రెండు వైపులా ఒకేలా కనిపించాలి, వాటిలోనూ ముడి నిషిద్ధం. కసూతి కుట్టే ఇల్కల్ చీర మీద గళ్లుండవు. అచ్చు వేసుకోకుండా నేత పోగులే లెక్కపెట్టి కుడతారు. ఐడా మీద చెయ్యి కుదిరాక అటువైపు వెళ్లాలనుకునేవారు ముందు 28 కౌంట్ ఈవెన్‌వీవ్ గుడ్డ (గళ్లు లేకుండా, అడ్డానికీ నిలువుకీ అంగుళానికి 28 పోగులుండే గుడ్డ) మీద రెండేసి పోగులకొక కుట్టు చొప్పున సాధన చేయండి. గడి కొలత 14 కౌంట్‌దే, లెక్క మాత్రం పోగులది.

ప్రశ్న: జాకెట్టు చేతుల మీద, కుర్తా మెడ మీద ఇది కుట్టొచ్చా? వాటికి గళ్లుండవు కదా.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వేస్ట్ క్యాన్వాస్ అని, కుట్టాక పోగులు లాగేసే గంజి పెట్టిన గళ్ల గుడ్డ దొరుకుతుంది. కావలసిన చోట దాన్ని పరిచి చుట్టూ టాకాలు వేసి, దాని గళ్లని బట్టి కింది గుడ్డతో కలిపి కుట్టాలి. ఇక్కడ మొద్దు సూది పనిచేయదు, మొన ఉన్న ఎంబ్రాయిడరీ సూది కావాలి. సూది క్యాన్వాస్ పోగుల మధ్యలోంచే పోవాలి. ఒక్క పోగుని పొడిచినా తర్వాత అది బయటికి రాదు. కుట్టడం అయ్యాక తడి చేసి, గంజి మెత్తబడ్డాక పట్టకారుతో ముందు అడ్డపోగులన్నీ, తర్వాత నిలువుపోగులన్నీ ఒక్కొక్కటే లాగేయండి. గుడ్డని కుట్టకముందే ఒకసారి తడిపి ఆరేయండి, తర్వాత కుదించుకుపోతే డిజైన్ ముడతలు పడుతుంది. జాకెట్టుకి కుట్టించాక కంటే, కత్తిరించక ముందు గుడ్డ మీద కుట్టుకోవడం చాలా తేలిక. దిండు గలీబులకైతే సన్న గళ్ల నూలుగుడ్డ తీసుకుని ఆ గళ్లలోనే మూడు పోగులతో కుట్టండి, ఏ క్యాన్వాసూ అక్కర్లేదు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. నల్లగుడ్డ మీద చిల్లులు కనపడటం లేదు.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకోండి, చిల్లుల్లోంచి తెలుపు కనిపిస్తుంది. దీపం ఎడమ భుజం మీదుగా రావాలి. అదే డిజైన్‌ని 11 కౌంట్ మీద మూడు పోగులతో కుట్టినా బాగుంటుంది. 70 గళ్లు అప్పుడు 5 అంగుళాలకి బదులు 6.4 అంగుళాలు వస్తాయి, గుడ్డ ఆ మేరకు పెంచుకోండి.

ప్రశ్న: మూడు నెలలు కుట్టింది ఉతికితే ఎరుపు దిగి తెల్లగుడ్డ గులాబీ రంగైంది. ఉప్పునీళ్లలో నానబెట్టమన్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆరిందా, లేదా అన్నదే ముందు చూడాల్సింది. ఇంకా తడిగా ఉంటే ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలు పెట్టకండి. వేడి తగిలితే మరక స్థిరపడుతుంది. కుళాయి కింద చన్నీళ్లు ధారగా పోనిస్తూ, తర్వాత చన్నీళ్ల బేసిన్‌లో ఉంచి, నీళ్లు రంగు తేలినప్పుడల్లా మారుస్తూ ఉండండి. నీళ్లు పూర్తిగా తేటగా ఉండేదాకా, ఎన్నిసార్లయినా సరే. ఆరిపోయినా ఇస్త్రీ పెట్టకపోతే ఇదే పద్ధతి ప్రయత్నించవచ్చు, ఫలితం తక్కువగా ఉంటుంది. ఉప్పు, వెనిగర్ ఇప్పటి దారాల అద్దకాన్ని ఆపలేవు.

ఇకముందు ఎరుపు, మెరూన్, ముదురు నీలం దారాల్ని కుట్టకముందే పరీక్షించండి. ఒక బెత్తెడు పోగుని తడిపి తెల్లగుడ్డ మడతలో అదిమి పట్టి చూడండి, మరక పడితే ఆ లచ్చిని ముందే ఉతికి ఆరబెట్టుకోండి.

ఉతికేటప్పుడు ఉన్నిబట్టలకి వాడే ద్రవసబ్బు నాలుగు చుక్కలు చాలు. పిండకండి. తువ్వాలులో చాపలా చుట్టి అదిమితే నీరు పీల్చుకుంటుంది. లావుపాటి తువ్వాలు మీద కుట్టుముఖం కిందికి పెట్టి వెనక నుంచి ఇస్త్రీ చేయండి, అప్పుడు కుట్లు అణగవు. ఫ్రేమ్ రింగుని ప్రతిరోజూ పని ఆపగానే తీసేసే అలవాటు చేసుకోండి. చేతి జిడ్డు, దుమ్ము ఆ వలయంలో చేరితే ఆ గుర్తు ఎంత ఉతికినా పూర్తిగా పోదు.

అద్దం ఫ్రేము కట్టేవారికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. గుడ్డని అట్టకి జిగురుతో అంటించొద్దు, వెనక దారంతో అటూ ఇటూ లాగి కట్టమనండి. అద్దానికీ కుట్టుకీ మధ్య అట్ట అంచుతో కాస్త ఎడం ఉంచమనండి. మీ వైపు సముద్రపు గాలికి అద్దం లోపల చెమ్మ పడితే, అద్దానికి ఆనుకున్న చోట ముందుగా బూజు పడుతుంది. కట్టడానికిచ్చే ముందు గుడ్డని నీడలో కనీసం రెండు రోజులు ఆరనివ్వండి.